వట్టి 'కాదు' చెల్లదు

నలుగురి నుంచి ఆరుగురి దాకా కూర్చుని ఆడుకోవాలని ఆ ఆట పుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంది. రాసినవాళ్ళు మా సంఘాన్ని చూసి ఉండరు. మా దగ్గర నలుగురు ఒక గదిలో కూర్చుంటే అది కమిటీ. ఐదోవాడు వస్తే అధ్యక్షుడెవరన్న ప్రశ్న వస్తుంది. ఆరోవాడు వచ్చేసరికి ఇద్దరు లేచి వెళ్ళి బ్రాడీపేటలో ఇంకో అడ్డరోడ్డులో ఇంకో సంఘం పెట్టేస్తారు.

విశ్వాసం తగ్గి ఈ మాట అనడం లేదు. ముప్పై ఏళ్ళుగా ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెబుతున్నాను. పన్నెండేళ్ళుగా సంఘ కార్యదర్శిని. పొద్దున్నే మోకరించకుండా కాఫీ తాగిన రోజు నాకు గుర్తు లేదు. ఇద్దరు ముగ్గురు కూడితే చాలు, అక్కడ తాను ఉంటానన్నాడు ప్రభువు. కమిటీ వేస్తే ఉంటానని ఎక్కడా అనలేదు. నేను వెతికాను.

ఆట నా చేతికి వచ్చిన తీరు చెప్పాలి. మా మేడ మీద అద్దెకున్న ఒకమ్మాయి మంగళగిరిలో కంప్యూటరు ఆఫీసులో పనిచేసేది. బదిలీ అయి వెళ్తూ రెండు కుండీల్లో కరివేపాకు మొక్కలు, ఒక చీపురు, ఒక లావుపాటి పుస్తకం, గుడ్డసంచిలో రంగురంగుల పాచికలు వదిలేసి వెళ్ళింది. ఫోను చేస్తే, "ఉంచుకోండి అంకుల్. మీకు కథలు చెప్పడం బాగా వచ్చుగా" అంది. పుస్తకం పైన కొమ్ములున్న పిశాచి బొమ్మ. దాన్ని అలాగే ఇంట్లో పెట్టుకోలేక సంఘం క్యాలెండరు కాగితంతో అట్ట వేశాను, గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరి బొమ్మ పైకి వచ్చేలా. పైన కాపరి, లోపల పిశాచాలు. మా కమిటీ గదికి కూడా ఇంచుమించు ఇదే అట్ట.

ఆట ఏమీ కష్టం కాదు. ఒకరు కథ చెబుతారు. "మీరు కోట ముందుకు వచ్చారు. వాన పడుతోంది. తలుపు వేసి ఉంది. ఏం చేస్తారు?" అని అడుగుతారు. మిగిలినవాళ్ళు కథలో ఒక్కో మనిషిగా మారి, ఏం చేస్తారో నోటితో చెబుతారు. అవుతుందో కాదో తెలియనిచోట పాచిక వేస్తారు. పెద్ద అంకె పడితే పని అవుతుంది, చిన్నది పడితే చెడుతుంది. గెలవడాలు, ఓడడాలు లేవు. కథ చెప్పేవాణ్ణి పుస్తకంలో మాస్టర్ అన్నారు. గుంటూరులో ఆ మాటకు ఒకటే అర్థం కాబట్టి నేను మాస్టార్నయ్యాను.

మొదట పుస్తకం మాట నమ్మి, మా యౌవనస్థుల ప్రార్థన గుంపులో ఆరుగురిని కూర్చోబెట్టాను. "అడవిలో దొంగలు మీ సంచి పట్టుకుపోతున్నారు. ఏం చేస్తారు?" అన్నాను.

"ముందు మనలో లీడరెవరో తేల్చండి మాస్టారూ" అన్నాడొకడు.

"పోయినసారి లీడరు వాడేగా. ఈసారి మా వీధికి ఇవ్వాలి."

"పాత లీడరుకి శాలువా కప్పకుండా కొత్త లీడరుని ఎట్లా వేస్తారు?"

శాలువా సంగతి తేలేసరికి దొంగలు ఇళ్ళకు పోయి అన్నాలు తిని పడుకుని ఉంటారు. మూడో వారానికి ఆరుగురూ రెండు గుంపులైపోయి, ఒక గుంపు నాలుగింటికి, ఇంకో గుంపు ఐదింటికి రావడం మొదలుపెట్టారు. నాలుగో వారం రెండు గుంపులూ ఒకదాని మీద ఒకటి నాకు కాగితాలు రాసిచ్చాయి. సంచి ఇప్పటికీ దొంగల దగ్గరే ఉంది.

ఇది చాలదన్నట్టు మా సంఘ పెద్దల్లో పెద్దాయన ఒకరోజు ఆదివారం బడి గదిలోకి వచ్చి పాచికలు చూశారు. ఆయనది గొప్ప గొంతు. మైకు లేకుండా కూడా నాలుగు వీధులు వినగలవు. మైకు ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. "పాచికలండీ! మందిరం గోడకు ఆనుకుని జూదమండీ!" అన్నారు. అదే గదిలో క్రిస్మస్‌కి లక్కీ డిప్ పెట్టి ప్రెషర్ కుక్కరు తీసుకెళ్ళింది ఆయన కోడలే. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కార్యదర్శి నాలుక కాబట్టి అక్కడే ఆగింది.

ఆట మా ఇంటి ముందు గదిలోకి మారింది. పాచికలు బీరువాలోకి వెళ్ళాయి. వాటి బదులు చీట్లు పెట్టాను. చీట్లు వేయడం మన గ్రంథంలోనే ఉంది. ఖాళీ అయిన శిష్యుడి స్థానాన్ని చీట్లు వేసే కదా నింపారు. నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాని. పొద్దున్నించి సాయంత్రం దాకా బస్తాలకు లాటు నంబర్ల అట్టచీటీలు రాయడమే నా పని. పాతవి ఇరవై తెచ్చి, వెనకవైపు ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు వేసి, పగిలిన మూతున్న పాత ఆవకాయ జాడీలో పోశాను. చీటీల్లో మిర్చి ఘాటు, జాడీలో నూనె. చీటీ తీసినవాళ్ళు ఆ చేత్తో కళ్ళు ముట్టుకోకూడదన్నది మా ఆటలో మొదటి రూలు. అంకెలు అలుక్కుపోయి ఆరు ఏదో తొమ్మిది ఏదో తెలిసేది కాదు. మా ఆవిడకు పడినవన్నీ తొమ్మిదులే.

శనివారం మధ్యాహ్నం మూడింటికి కూర్చునేవాళ్ళం. నేను కాక ఇద్దరే. ఒకరు మా ఆవిడ, రెండో ఆమె మా సంఘంలోని ఒక చెల్లెమ్మ. రక్తసంబంధం ఏమీ లేదు. నన్ను అన్నయ్య అంటుంది, మా ఆవిడను వదిన అంటుంది. మా వీధి చివర వరండాలో మిషను వేసుకుని చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఎవరేం చెప్పినా "సరేనండి" అనే మనిషి. జాకెట్టు కొలత తప్పింది మీ వల్లేనని ఎవరైనా దబాయిస్తే, తప్పు వాళ్ళదైనా, "సరేనండి, విప్పి కుడతానండి" అంటుంది.

ఆ సంవత్సరం ఆ మనిషికి ఒకే ఒక్క పని పడింది, అది "సరేనండి" అంటే అయ్యేది కాదు. వాళ్ళ నాన్నకు గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పాడు. మిర్చి కోతలు చూస్తాడో లేదో అన్నాడు. ఆయన పల్లెలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆయన అడిగింది ఒక్కటే: తనను మా సంఘం సమాధుల తోటలో, భార్య పక్కన పెట్టాలని. భార్య పదిహేనేళ్ళ కింద పోయింది. పక్కన ఆయనకని అప్పుడే వదిలిన చోటు అలాగే ఉంది. కానీ ఆయన పేరు సంఘం జాబితాలో లేదు. పేరు లేనివాళ్ళకు తోటలో చోటు లేదు.

పేరు ఎందుకు లేదో చెప్పాలంటే పదేళ్ళు వెనక్కి వెళ్ళాలి. అప్పట్లో ఆయన ప్రతి ఆదివారం పల్లె నుంచి మొదటి బస్సుకి వచ్చి, తలపాగా విప్పి ఒళ్ళో పెట్టుకుని, రెండో వరసలో స్పీకరు కింద కూర్చునేవాడు. ఒకరోజు పెద్దాయన ప్రార్థన చేస్తున్నారు. మైకు కీచుమంది, ఇంకా పెంచారు. చంటిపిల్లలు ఏడుపు అందుకున్నారు. ఈయన లేచి నిలబడి, పొలంలో కూలీలను కేకేసినట్టు అరిచాడు: "మైకు తగ్గించండ్రా! దేవుడికేమన్నా చెవుడా?"

నేను నవ్వాపుకోడానికి పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. పెద్దలు నవ్వలేదు. ఆ వారమే కమిటీ కూడింది. దేవుడి చెవుల గురించి అన్నదానికి ఎవరికీ అభ్యంతరం లేదు. తేలాల్సిన విషయం "తగ్గించండ్రా"లోని "రా". ఏడుగురు సంఘ పెద్దలను, నిండు ఆరాధనలో, రా అన్నాడు. "మమ్మల్ని చిన్నప్పట్నించి ఎరుగుంటే మాత్రం?" అన్నారు పెద్దాయన. క్షమాపణ చెప్పేదాకా సభ్యత్వం ఆపాలని తీర్మానించారు. మినిట్స్ పుస్తకంలో ఆ అక్షరం రాయడానికి చేతులు రాక, "అగౌరవ సంబోధన" అని రాశారు.

రాసింది నేనే. ఆ మాట దొరికినందుకు ఆ రోజు కాస్త గర్వపడ్డాను కూడా.

ఆయన క్షమాపణ చెప్పలేదు. "వీళ్ళలో సగం మందిని చెడ్డీల్లేకుండా చూశా. అండీ అంటే నాకే నవ్వొస్తది" అని కబురంపి, ఊళ్ళో ఇంట్లోనే ప్రార్థన చేసుకోవడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు కూతురు తోటలో చోటు కోసం కాగితం రాసి కార్యదర్శి చేతికిచ్చింది. నేను దాన్ని ఫైల్లో పెట్టాను. పెద్దలకు నోటిమాటగా చెప్పాను. వాళ్ళు, "ప్రార్థన చేద్దాం" అన్నారు.

బయటివాళ్ళకు ఈ మాట అర్థం తెలియకపోవచ్చు. మా సంఘంలో ఎవరూ ఎవరికీ "కాదు" అని చెప్పరు. అది కఠినమైన మాట. "ప్రార్థన చేద్దాం" అంటారు. పిల్లనివ్వమని అడిగితే ప్రార్థన చేద్దాం. గోడకు సున్నం వేయమంటే ప్రార్థన చేద్దాం. ఆ తర్వాత ఎవరూ చేయరు. నిజంగా మోకరించేవాడికి ఇది ఎంత మండుతుందో చెప్పలేను. దేవుడితో మాట్లాడే మాటను పట్టుకెళ్ళి తలుపుకి గొళ్ళెంలా వాడుతున్నారు. వాడుతున్నారు అంటున్నాను; అప్పటికి నేనూ కనీసం వందసార్లు వాడి ఉంటాను.

ఆట దగ్గరకు వస్తే, మా ఆవిడ తన పాత్రకు పెద్ద కత్తి ఇచ్చుకుంది. ఎదురుపడినవాళ్ళనల్లా నరికేది. దారి అడగడానికి వచ్చిన ముసలాణ్ణి కూడా. "మొహం చూస్తే నమ్మబుద్ధి కాలేదు" అంది. చెల్లెమ్మ ఏ పాత్రా వద్దంది. "నేను చూస్తుంటాలే అన్నయ్యా" అంది. చూసేవాళ్ళకు ఈ ఆటలో చోటు లేదంటే, "అయితే వదిన వెనకాల గాడిదను తోలుకొచ్చే మనిషిని" అంది.

ఒక శనివారం మా ఆవిడ ఒంగోలులో పెళ్ళికి వెళ్ళింది. చెల్లెమ్మ ఒక్కతే వచ్చింది. సరే, ఒక్కరితోనే ఆడదామనుకున్నాను.

"గాడిదను తోలుకుని కోట దగ్గరకు వచ్చావు. కాపలావాడు బల్లెం అడ్డం పెట్టాడు. ఏం చేస్తావు?"

"లోపలికి పోవచ్చా అండీ అని అడుగుతా."

నేను కాపలావాడి గొంతు పెట్టి, "కాదు" అన్నాను.

"సరేనండి" అంది. "గాడిదను తిప్పుకుని ఇంటికెళ్ళిపోతా అన్నయ్యా."

వెళ్ళిపోయింది. కథ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. నేను వారం రోజులు కూర్చుని రాసుకున్న కోట అలాగే ఉండిపోయింది. అందులో వంటగది కూడా రాశాను.

అప్పుడు అర్థమైంది. నలుగురు ఆడేచోట ఒకరు తగ్గితే ఇంకొకరు దబాయిస్తారు, మూడోవాడు గోడ ఎక్కుతాడు. ఒక్కరే ఉన్నచోట కథ చెప్పేవాడు "కాదు" అంటే ఆటే చచ్చిపోతుంది. ఒంటరి మనిషికి మూసిన తలుపు చూపించి ఊరుకోవడం కథ కాదు, కాపలాతనం. అందుకని క్యాలెండరు అట్ట లోపలివైపు పెన్నుతో ఒక రూలు రాశాను: "వట్టి కాదు చెల్లదు. కాదు అన్నవాడు ఏం చేస్తే అవునంటాడో కూడా చెప్పాలి." ఆమెకు చదివి వినిపించాను.

"అడిగితే చెప్పాలా అన్నయ్యా?"

"అడిగితే చెప్పి తీరాలి."

"కాపలావాడైనా?"

"రాజైనా."

ఆమె నా వైపు తేరిపారా చూసింది. ఆ చూపులో నాకేమీ తట్టలేదు. జాడీ కదిపి ఇంకోసారి మొదలుపెట్టాను. ఈసారి కాపలావాడు కాదంటే, ఆమె ఫాల్ కుట్టేటప్పుడు సూదిలో దారం ఎక్కించేంత జాగ్రత్తగా అడిగింది: "అయితే ఏం చేస్తే తీస్తారండీ?" గుర్రాలకు గడ్డి కావాలన్నాడు. గాడిద మీద గడ్డి ఉంది. తలుపు తెరుచుకుంది. చీటీ కూడా తీయలేదు.

తర్వాత వారాల్లో ఎక్కడికి తీసుకెళ్ళినా ఆమెకు ఏదో ఒక గేటు కావాల్సి వచ్చేది. పడవ ఎక్కించి కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డుకి తీసుకెళ్తే, "అక్కడ గేటు లేదా అన్నయ్యా?" అంది. మా ఆవిడకు విసుగొచ్చింది.

"ఏమ్మా, ఎప్పుడూ ఆ వాచ్‌మన్‌తోనేనా? ఒక్కసారి నరకనియ్యి."

"వద్దు వదినా. నరికితే లోపలికి పోనిస్తారుగానీ, లోపల ఉండనివ్వరు."

ఈ అమ్మాయికి ఊహాశక్తి తక్కువనుకున్నాను. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడి తెలివి అంతే. కాపలావాళ్ళను మార్చి మార్చి, మాటలు దొరక్క, నాకు బాగా అలవాటైన మాటలే వాళ్ళ నోట పెట్టేవాణ్ణి. "పైవాళ్ళతో మాట్లాడి చెప్తాం." "మీ ఒక్కరికిస్తే అందరూ అడుగుతారు." ఒకసారి అలవాటులో, "ప్రార్థన చేద్దామమ్మా" అని కూడా అనేశాను. కోట కాపలావాడు. మా ఆవిడ జాడీ మీద పడి నవ్వింది. చెల్లెమ్మ నవ్వలేదు.

"చేద్దామండి" అంది. "ఇప్పుడే చేద్దాం. చేశాక ఏం చెప్తారో చెప్పండి."

చీటీ తీయమన్నాను. పద్దెనిమిది పడింది.

మాఘమాసం ఎండలు మొదలయ్యే వేళకు వాళ్ళ నాన్న మంచం దిగడం మానేశాడు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూడింది. ఏడుగురు పెద్దలు, నేను, మినిట్స్ పుస్తకం. తలుపు దగ్గర ఆమె వచ్చి నిలబడింది. కొంగు రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆమె కాగితాన్ని ఫైల్లోంచి తీసి నేనే చదివాను. నాకు తెలిసి ఆమె అంతకుముందు పెద్దల ముందు ఎప్పుడూ నోరు తెరవలేదు.

పెద్దాయన కళ్ళజోడు తీసి, దయగా, "ప్రార్థన చేద్దామమ్మా" అన్నారు.

"చేద్దామండి" అంది ఆమె. "ఇప్పుడే చేద్దామండి. చేశాక ఏం చెప్తారో చెప్పండి."

అప్పటికి తెలిసింది నాకు, ఆ వారాలన్నీ మా ముందు గదిలో ఎవరు ఎవరికి పాఠం చెప్పారో.

పెద్దలు ఒకరినొకరు చూసుకున్నారు. వేరే దారి లేక లేచి నిలబడ్డారు. ఆయన చాలాసేపు ప్రార్థించారు, ఆమె అలిసిపోయి వెళ్ళిపోతుందేమోనన్నట్టు. లోకంలోని సకల దేశాల కోసం ప్రార్థించారు. ఆమేన్ అనేసరికి ఆమె అక్కడే ఉంది.

"చెప్పండి" అంది.

"అట్లా ఎట్లా కుదురుతుందమ్మా? పేరు లేదుగా. కాదు."

"వట్టి కాదు చెల్లదండి. ఏం చేస్తే అవునంటారో చెప్పండి."

"ఇదెక్కడి రూలమ్మా? ఎవరు పెట్టారు?"

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది; చూడకపోవడం వల్ల ఇంకా కష్టమైంది. ఒక్క క్షణం మినిట్స్ పుస్తకంలో తల దూర్చాను. లాటు నంబర్లు రాసుకునే గుమాస్తాకు పన్నెండేళ్ళుగా ఉన్న గౌరవం ఆ కుర్చీ ఒక్కటే. ఆ కుర్చీ సంగతి నాకు తెలుసు. నవ్వొచ్చినప్పుడు పుస్తకం అడ్డం పెట్టుకుంటే నిలిచిన కుర్చీ.

"నేనేనండి" అన్నాను. "మా ఇంట్లో ఆటలో రూలు."

"పాచికల ఆటా?"

"చీట్లండి. కానీ రూలు మంచిదేనండి. అడిగినవాళ్ళకు ఇవ్వాలని, తట్టినవాళ్ళకు తెరవాలని నేను ఆదివారం బడిలో చెబుతున్నాను. మీ మనవళ్ళకే చెబుతున్నాను. తట్టినవాళ్ళను ఊరికే నిలబెట్టాలని ఎక్కడా లేదు."

ఒకాయన దగ్గాడు.

"క్షమాపణ చెప్పాలి" అన్నారు పెద్దాయన చివరికి. "అదే అప్పుడూ చెప్పాం."

"ఏ మాటకండీ?" అంది ఆమె.

"అది పుస్తకంలో ఉంది."

నేను పాత పుస్తకం తీసి చదివాను: "అగౌరవ సంబోధన."

"అంటే ఏ మాట అన్నయ్యా?"

"అందులో లేదమ్మా."

"మరి ఏ మాటకు చెప్పాలో తెలియకుండా మా నాన్న ఎట్లా చెప్తాడండీ?"

ఏడుగురూ నేల వైపు చూస్తున్నారు. ముసలివాళ్ళు, మనవళ్ళున్నవాళ్ళు. ఆ అక్షరాన్ని నోటితో పలకడానికి ఒక్కరికీ ధైర్యం లేదు, దానికోసం మనిషిని పదేళ్ళు బయట నిలబెట్టారు గానీ. ఆఖరికి చివర కూర్చున్నాయన గొణిగాడు: "మమ్మల్ని రా అన్నాడమ్మా."

"అదొక్కటేనా అండీ?"

"అదే."

"దేవుడి చెవుల గురించి అన్నదానికి కాదా?"

"దానికేముంది..."

"అయితే ఆ 'రా' తీసేసి అంటే పేరు రాస్తారా?"

కాపలావాడు ఏం కావాలో చెప్పేశాక ఇంకేం చేయగలడు? పెద్దాయన తల ఊపారు. ఆ ఊపు ఆగేలోపే నేను రాసేశాను: సదరు సభ్యుడు సదరు వాక్యమును "రా" లేకుండా పలికిన యెడల సభ్యత్వము పునరుద్ధరించబడును. ఈసారి అక్షరాన్ని దాచలేదు. ఏడు సంతకాలు పెట్టించాను.

ఆ మంగళవారం ముగ్గురం ఆటోలో పల్లెకు వెళ్ళాం: పెద్దాయన, నేను, చెల్లెమ్మ. ఇంటి ముందు కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, కాలు పెట్టే చోటు లేకుండా. నాకు ఉద్యోగమే అది కాబట్టి ఏమీ కాలేదు. పెద్దాయన వరండా ఎక్కేలోపే తుమ్ములు అందుకున్నారు. నవారు మంచం మీద ముసలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చిక్కిపోయాడు. చూపు మాత్రం చిక్కలేదు.

"రండ్రా, కూర్చోండ్రా" అన్నాడు. కూతురు, "నాన్నా!" అంది. "రండి, కూర్చోండి" అన్నాడు. నన్ను మాత్రం, "ఏరా అబ్బాయ్, నువ్వెట్టున్నావు?" అన్నాడు. నాకు పదేళ్ళ తర్వాత ఆ పిలుపు చల్లగా తగిలింది.

నేను మినిట్స్ పుస్తకం తెరిచి, తీర్మానం చదివి, "బాబాయ్, ఇంక నువ్వు చెప్పు" అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నాడు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్దాయన కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా గింజల్లా ఏరి, నిదానంగా చెప్పాడు:

"మైకు తగ్గించండి. దేవుడికేమన్నా చెవుడా అండీ?"

చెల్లెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన నోరు తెరిచారు గానీ తుమ్ము వచ్చింది. తుమ్మి, కళ్ళు తుడుచుకుని, నా చేతిలోని పుస్తకం వైపు, అందులో తన సంతకం వైపు చూశారు. తర్వాత, నేను ఆయనలో ఎప్పుడూ చూడని పని ఒకటి చేశారు. మెల్లగా మాట్లాడారు. "సరేనండి" అన్నారు.

నేను అక్కడే, మంచం పట్టె మీద పుస్తకం ఆనించి, ఆయన పేరు జాబితాలో తిరిగి రాశాను. కూతురు ఆ గీతలను వేలితో తడిమి, వేలు కళ్ళకద్దుకోబోయి ఆగింది. వస్తూనే కళ్ళంలో కాయలు తిరగేసిన చేయి అది. మా మొదటి రూలు మర్చిపోలేదు.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే మా పెద్దలకు ఎంతో బాగుండేది. కానీ తోటలో చోటు ఖాయమయ్యాక ఆయనకు పోవాలన్న తొందర తగ్గింది. ఆఖరి కోత కూడా చూశాడు. మందులు వేసుకుంటున్నాడు. మొహం చూస్తే డాక్టరే కాస్త నొచ్చుకున్నట్టున్నాడు. నెలకోసారి కొడుకు ఆటోలో తీసుకొస్తే, రెండో వరసలో స్పీకరు కింద కూర్చుంటున్నాడు. పెద్దాయన ప్రార్థనకు లేచి మైకు అందుకోగానే రెండో వరస వైపు ఒకసారి చూస్తారు, చూసి మైకును బెత్తెడు దూరం జరుపుతారు. ప్రభువు కృప. నేను ఈ మాట నవ్వులాటకు అనడం లేదు. ఆ బెత్తెడు కోసం ఇరవై ఏళ్ళు మొరపెట్టుకున్నాను.

ఆదివారానికి వచ్చిన ప్రతిసారీ ముందురోజే కూతురింట్లో దిగుతాడు కాబట్టి, శనివారం మా జాడీ దగ్గర కూడా కూర్చుంటున్నాడు. ముగ్గురయ్యారు. నాలుగోవాడు రాకుండా తలుపు గడియ పెడుతున్నాను.

పోయిన శనివారం కోట ముందు నిలబెట్టాను. వాన, బల్లెం, కాపలావాడు, అన్నీ అవే.

"ఏం చేస్తావు బాబాయ్?"

"తలుపు తియ్యరా అంటా."

"కాదు" అన్నాను కాపలావాడి గొంతుతో.

"నాన్నా, అడుగు" అంది చెల్లెమ్మ. "ఏం చేస్తే తీస్తాడో అడుగు. చెప్పి తీరాలి."

"ఏం చేస్తే తీస్తావురా?"

"ఆ 'రా' తీసేస్తే తీస్తాను."

మా ఆవిడ కత్తి మీద చెయ్యి వేసింది. ఆయన వద్దని తల అడ్డంగా ఊపి, జాడీ తన వైపు లాక్కున్నాడు.

"గోడ ఎంత ఎత్తురా?" అన్నాడు.